వేరు కాపురం

సుందరరాజులును పెండ్లాం వనజాక్షీ "బావా" అనే పిలుస్తుంది, బామ్మర్ది దినకరూ "బావా" అనే పిలుస్తాడు. ఆమె పిలిస్తే పని. వాడు పిలిస్తే పీకులాట. ఆ ఆదివారం పొద్దున జామతోటలో నుంచి ఇద్దరూ ఒకేసారి పిలిచినారు.

సుందరరాజులు చేతిలో కాఫీ లోటా వదిలేసి లేచినాడు. ఎందుకంత కంగారో తెలియాలంటే ముందు ఆ తోట సంగతి వినాల.

ఆర్.కె.పేట దాటినాక, తిరుత్తణి కొండ దూరంగా కనిపించే మెట్టనేల అది. వనజాక్షికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. అందులో జామ మొక్కలు పెట్టినారు. మొదటి బోరు వేస్తే దుమ్మొచ్చింది. రెండో బోరు వేస్తే ఆ దుమ్ము గూడా రాలేదు.

"బోర్లు వేసీ వేసీ నాకే బోరు కొట్టింది" అని రాజులు నవ్వినాడు. వనజాక్షి నవ్వలేదు. నవ్వితే దాహమేస్తుందని కాబోలు.

నీళ్ళు లేకపోతేనేం, రాజులు బుర్రలో ఊటకు కొదవ లేదు. మొక్కలకు నాదస్వరం వినిపించినాడు. ఆకులు రాలినాయి, అవే తాళం వేసినట్టు. మంచు పట్టుకుంటుందని మొక్కల మీద చీరలు కప్పినాడు. మంచు పట్టలేదుగానీ వనజాక్షి పట్టుకునింది. అందులో ఒకటి ఆమె పెండ్లి పట్టుచీర.

"బావా, ఇంగొక్క ప్రయోగం చేసినావంటే ఈ నేల దినకర్‌కి ఇచ్చేస్తా. వాడు ఇటుకల బట్టీ పెట్టుకుంటానని ఎప్పటినుంచో అడగతా ఉండాడు."

"జామ కాయాల్సిన చోట ఇటుకలు కాలుస్తారా?"

"ఇటుకలకు నీళ్ళు పోయకపోయినా ఎండిపోవు."

ఆ మాటతో రాజులుకు బట్టీ పెట్టకముందే ఒళ్ళు కాలింది. బిడ్డల్లేని ఇంట్లో ఆ మొక్కలకు ఒక్కొక్కదానికీ ముద్దుపేరు పెట్టి పిలుచుకునేవాడు మరి.

అట్లాంటి సమయంలో తిరువళ్ళూరులో రైతుల మేళాకు పోతే, జెనిఫర్ అనే వ్యవసాయం మేడం ఆయన చేతిలో ఒక పాకెట్టు పెట్టింది.

"దీని పేరు వ్యామ్, సార్. మంచి జాతి బూజు. వేర్లలో చేరి కాపురం పెడుతుంది. సన్నటి దారాలు సాగదీసి, వేరు అందుకోలేని చోటి నుంచి చెమ్మ లాక్కొచ్చి ఇస్తుంది. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. బూజు మందు కొట్టినారంటే ఇదీ చచ్చిపోతుంది."

వ్యామ్ మీద అప్పుడు పుట్టిన వ్యామోహం బస్సు దిగేదాకా తగ్గలేదు. దిగినాక మాత్రం భయం పట్టుకునింది. ఇంట్లో బూజు కర్ర చేతిలో లేకుండా వనజాక్షి కనిపించదు. అట్లాంటి ఆమె ముందర నిలబడి "బూజు తెచ్చినా" అని చెప్పడమా? అందులోనూ ఇది కొత్త ప్రయోగం!

రాజులు బుర్రలో ఊట మళ్ళీ ఊరింది. పాకెట్టు పైకాగితం చించేసి, ఒక కవర్లో పోసి, దాని మీద తాను బడిలో నేర్చిన అరవ అక్షరాల్లో 'వామ్' అని రాసి, వంటింట్లో పోపు డబ్బాల వెనకాల పెట్టినాడు. చూస్తే వాము అనుకుంటుంది. పేరులోనే దాపరికం ఉన్న సరుకు! తన తెలివికి తానే మీసం దువ్వుకున్నాడు.

రెండు రోజులు ఆగి, తెల్లవారుజామున జామలో దూరినాడు. గట్టు పక్క మొదటి వరసలో మొక్కమొక్కకూ మొదలు దగ్గర ధారాళంగా చల్లినాడు. వరస తిరిగేసరికి కవరు ఖాళీ. గుప్పుమని ఘాటు వాసన.

"అబ్బా! ఏం శక్తిరా సామీ!" అనుకున్నాడు.

వారాలు పోయినాయి. మొదటి వరసలో ఒక్క చిగురు రాలేదు. ఆకులు కాల్చిన అప్పడాల మాదిరి ముడుచుకుంటా వచ్చినాయి. లోపలి వరసలు ఇంగెట్లా ఉండాయో చూసే ధైర్యం లేక ఆయన గట్టు మీద నుంచే ఇంటికి తిరిగొచ్చేవాడు.

ఇదిగో, ఇప్పుడొచ్చింది ఆదివారం పొద్దున పిలుపు.

పరిగెత్తిపోయి చూస్తే దినకర్ వీపున మందు కొట్టే డబ్బా, చేతిలో గొట్టం. పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని వనజాక్షి.

"ఆకులకు బూజు పట్టినట్టుంది బావా. దినకర్ మందు తెచ్చినాడు. మొదళ్ళు తడిసేటట్టు కొడతాడు. దీనికీ లేవకపోతే మధ్యాహ్నానికి జేసీబీ వస్తుంది."

రాజులు గుండె జారి పంచెలో పడింది. కొడితే లోపలి వ్యామ్ చస్తుంది. ఎందుకు కొట్టకూడదో చెప్తే ప్రయోగం బయటపడి తోటే చస్తుంది.

"వద్దురా, ఈ పొద్దు కృత్తిక. కొండమీద సామికి కోపమొస్తుంది."

"కృత్తిక ఎప్పుడో పోయింది బావా" అన్నాడు దినకర్.

"ఎదురుగాలి కొడతా ఉంది, నీ మొగం మీద పడుతుంది!"

"ఒక్క ఆకు గూడా కదల్లేదే?"

"ఆకులకు తొడిమె నొప్పిరా!"

"బావకు తల నొప్పేమో చూడక్కా" అని దినకర్ డబ్బా పిడి కొట్టడం మొదలుపెట్టినాడు. చక్, చక్, చక్. రాజులు పోయి మొదటి మొక్కను కావిలించుకుని కూచున్నాడు. గొట్టం కొస ఆ మొక్క మొదలుకు జానెడు దూరానికొచ్చింది.

"ఆగరా పాపాత్ముడా! లోపల వేరు కాపురం జరగతా ఉంది! దాన్ని చంపొద్దు!"

దినకర్ చెయ్యి ఆగిపోయింది. "వేరు కాపురమా? ఎవరిది?"

"నేనే పెట్టించినానురా. మీ అక్కకు తెలీకుండా తెల్లారకముందే వచ్చి..."

"అక్కా! ఇన్నావా? ఎవరు బావా ఆమె?"

"ఆమె కాదురా, అది! జెనిఫర్ ఇచ్చింది!"

"జెనిఫరా!" దినకర్ మొగం బాగా కాలిన ఇటుక రంగుకొచ్చింది. "పేరు గూడా ఎంత ధైర్యంగా చెప్తా ఉండాడో!"

ఆ అదురుకు వాడి వేళ్ళు బిగుసుకున్నాయి. గొట్టం బుస్సుమనింది. రాజులు తలనుంచి కాలిదాకా తడిసిపోయినాడు.

"అయ్యో! మందు! కండ్లు! వనజా, నేను పోతా ఉండా! మొక్కలు జాగర్త!"

కాసేపు పోతా ఉండాడు. తరవాత పెదవులు నాకి చూసినాడు. ఇంకోసారి నాకినాడు.

"ఇదేంది, నీళ్ళ మాదిరి ఉంది?"

"నీళ్ళే" అంది వనజాక్షి. "వాడు మందు కలపమని నా చేతికిచ్చినాడు. నేను బిందె నీళ్ళు పోసి మూత పెట్టినా. నీ నోట్లో నుంచి నిజం రాలాలంటే ఇంకేం చేసేది?"

దినకర్ నోరు తెరిచినాడు. "నీకు ముందే తెలుసా?" అన్నాడు రాజులు.

"బావా, వాము అంటే తెలుగు. అరవంలో ఓమం. అరవ అక్షరాల్లో వామ్ అని రాస్తే అది ఏ ఊరి భాష? కవరు చూడంగానే అనుమానమొచ్చింది. విప్పితే ఒట్టి మన్ను. నీ జోబులో ఉన్న మేళా కాగితం మీద జెనిఫర్ మేడం నంబరుండె. ఫోన్ చేసినా."

"మరి... నేను చల్లింది?"

"కవర్లో నేను మార్చి పోసిన ఎర్రమన్ను, దాంట్లో పాత వాము."

"అదా, తోటలో మురుకుల వాసన వచ్చింది!" అన్నాడు దినకర్.

"నీ బూజు నేనే వేసినా. పైపైన చల్లేది కాదంట బావా, వేరుకు ఆనుకునేటట్టు పెట్టాలంట. సాలకపోతే ఇంకా తెప్పించినా. పొద్దుపొద్దున బిందెతో నీళ్ళు మోసి తడిపి, చెనిక్కాయ పొట్టు కప్పినా. నీ చేతి వరస మాత్రం నీకే వదిలినా. రా, చూద్దువు."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసకపోయింది. రెండో వరసలో మొక్కలు తలెత్తి ఉండాయి. మూడో వరసలో కొసలన్నీ లేత చిగురు. రాజులు వంగి ఒక చిగురును వేలితో తాకినాడు. కండ్లలో నీళ్ళొచ్చినాయి. అవి డబ్బా నీళ్ళేనని దినకర్‌కి చెప్పినాడు.

"అక్కా, అయితే నా బట్టీ?"

"ఇస్కూల్లో ఉన్నప్పటినుంచి బట్టీ పట్టేది తప్ప నీకేం వచ్చురా? ఇంకో చోట పట్టు. జేసీబీకి వద్దని చెప్పు."

దినకర్ ఫోన్ తీసుకుని గట్టు పక్కకు పోయినాడు. రాజులు సందు చూసి, మీసం మీది తడి తుడుచుకుంటా నెమ్మదిగా అన్నాడు.

"ఎట్లైనా వ్యామ్ తెచ్చింది నేనే గదా వనజా?"

"తెచ్చినావు. జెనిఫర్ ఇంకో మాట గూడా చెప్పింది. చెట్టు పొద్దంతా ఎండలో నిలబడి తిండి వండుతుందంట. ఆ తిండి తినేసి, బూజు నేలంతా తిరిగి నీళ్ళు మోసుకొస్తుందంట. అదీ వాటి కాపురం."

"ఆహా, ఎంత బాగా చెప్పింది!"

"మనింట్లో వండేదెవరు బావా?"

సుందరరాజులు ఆమెను చూసినాడు. తలొంచుకున్న తన వరసను చూసినాడు. తడి పంచె ఎగ్గట్టినాడు.

"బిందె యాడుంది?" అన్నాడు.