గుండీకి కేటాయించిన సమయం

కాలం విలువైనదని పెద్దలు చెప్పి ఊరుకున్నారు. దాన్ని నిమిషాలవారీగా రాసి, సంతకం పెట్టి, మూడు ప్రతుల్లో పంపాలని మాత్రం చెప్పలేదు. పెద్దలు వదిలేసిన ఆ పనిని తరగతిగది కాల సద్వినియోగ శాఖ భుజాన వేసుకుంది. (శాఖ ఏర్పాటు కావడానికి ఆరేళ్లు పట్టింది. అది వృథా కిందికి రాదు.)

శాఖవారి మొదటి ఉత్తర్వు ప్రత్యేక అవసరాల పిల్లల తరగతికి చేరిన పూట టీచరమ్మ నేలమీద కూర్చుని ఉంది. ఎదురుగా తొమ్మిదేళ్ల మెల్లమ్మ. ఆ పేరు ఆయా పెట్టింది. పిల్ల ఏ పనైనా మెల్లగానే చేస్తుంది, కానీ పట్టిన పని వదలదు. అందుకే ఆ పేరులో ఎగతాళి కంటే మురిపెమే ఎక్కువ. అప్పుడు మెల్లమ్మ చొక్కా మూడో గుండీతో కుస్తీ పడుతోంది. ఏడు నెలల క్రితం గుండీని పట్టుకోవడమే చేతకాని వేళ్లవి. ఇప్పుడు అయిదు గుండీలూ పదకొండు నిమిషాల్లో పెట్టుకుంటోంది. ఆ పదకొండు నిమిషాలూ చెయ్యి అడ్డం పెట్టకుండా కూర్చోవడమే టీచరమ్మ పని. గుండీ కాజాలో దూరినట్టే దూరి జారిపోతుంటే చేతులు కట్టుకుని చూడటం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

ఉత్తర్వు ప్రకారం తరగతిలో గడిచే ప్రతి నిమిషమూ యాప్‌లో నమోదు కావాలి. అందులో గడులు మూడే: బోధన, పరీక్ష, వృథా. 'ఆగి చూడటం' అనే గడి లేదు. ఎందులోనూ ఇమడని నిమిషాలను యాప్ తనంతట తానే వృథాలోకి తోసేస్తుంది. వృథా అయిదో వంతు దాటితే ఆ తరగతిలో ఆయా పోస్టు రద్దు, పిల్లల్ని రెండు బస్సులు మారి వెళ్లాల్సిన వేరే బడిలో కలిపేస్తారు.

మొదటి వారం ఈ తరగతిలో వృథా మూడింట రెండు వంతులు తేలింది. రెండో వారం కాల పర్యవేక్షణాధికారి మెడలో స్టాప్‌వాచీ వేసుకుని స్వయంగా దిగాడు. (గంటన్నర ఆలస్యంగా. అధికారుల ఆలస్యానికి యాప్‌లో గడి లేదు.)

"ఈ పాప ఏం చేస్తోందమ్మా?"

"గుండీలు పెట్టుకుంటోంది సార్."

"మరి మీరు?"

"ఆగుతున్నాను సార్. అదే పాఠం. నేను చెయ్యి పెడితే పాఠం పోతుంది."

"ఊరికే కూర్చోవడమే పాఠమైతే, మా ఆఫీసులో ఈపాటికి అందరికీ ఉత్తమ ఉపాధ్యాయ బిరుదులు రావాలి," అన్నాడు అధికారి. హాస్యానికి కాదు, ఆలోచించే అన్నాడు.

ఆయా ఉండబట్టలేకపోయింది. "పండగలాంటి సంగతి సార్ ఇది! పోయిన నెల ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు పదకొండే!"

"అవే గుండీలు నువ్వు పెడితే?"

"నేనా? ఎంతసేపు సార్, పది సెకన్లు," అని, నాలుక కరుచుకుంది.

అప్పటికే అధికారి మొహం చింకి చేటంత అయింది. "పది నిమిషాల యాభై సెకన్లు! ఒక్క పిల్ల దగ్గరే! ఈ గదిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

చాలానే ఉన్నాయి. దాహమేస్తోందని బొమ్మ చూపించి చెప్పడానికి ఒకడికి నాలుగు నిమిషాలు. ఏ చెప్పు ఏ కాలిదో తేల్చుకోవడానికి ఇంకొకతెకు ఆరు. మర్నాటికల్లా సత్వర పరిష్కారాల పట్టిక వచ్చేసింది. నీళ్లు అడక్కముందే తాగించాలి. చెప్పులు ఆయా తొడగాలి. గుండీలు కూడా ఆయానే పెట్టాలి.

"నా పోస్టు పోతే పోనీయండి మేడమ్. ఎక్కడో చోట గిన్నెలు తోముకుంటా. మీరు మాత్రం పిల్లలకి నేర్పడం ఆపకండి," అంది ఆయా.

"నీ సంగతి సరే. రెండు బస్సులంటే మెల్లమ్మను ఎవరు తీసుకెళ్తారు? వాళ్లమ్మ తెల్లారకుండానే పనిలోకి పోవాలి. పిల్ల బడే మానేస్తుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. టీచరమ్మ రెండు రోజులు అన్నం సయించక, మూడో రోజు పట్టికను గోడకు అంటించింది. ఆ పని చేసినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

దానితో రోజుకు మూడు గంటలు ఆదా అయ్యాయి. ఆదా అయిన సమయాన్ని ఎలా వాడారో తెలిపే పత్రం నింపడానికి మూడు గంటల అయిదు నిమిషాలు పట్టేది. (తక్కువ పడ్డ అయిదు నిమిషాలను టీచరమ్మ తన భోజనంలోంచి సర్దింది. శాఖ అభినందన సందేశం పంపింది.) ఆమె పత్రం నింపుతున్నంతసేపూ పిల్లలు గోడకు ఆనుకుని కదలకుండా కూర్చునేవారు. దాన్ని యాప్ బోధనగా గుర్తించింది.

నెల తిరిగేసరికి వృథా శూన్యానికి చేరింది. ప్రశంసాపత్రంతో, ఫొటోగ్రాఫరుతో అధికారి వస్తున్నాడని తెలిసి పిల్లల తల్లిదండ్రులకు టీచరమ్మ కబురు పెట్టింది. మెల్లమ్మ తల్లి అందరికంటే ముందే, పని బట్టల్లోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, ఒక్కమాట అడగనా? ఇంట్లో నేను హడావిడిలో ఉన్నా మూడు గుండీలైనా తనే పెట్టుకునేది. ఇప్పుడు చొక్కా ఇస్తే చేతులు చాపి నిలబడుతోంది. అంతా మర్చిపోయిందా?"

అది మర్చిపోలేదమ్మా, మేమే మరిపించాం అని చెప్పాలనుకుంది టీచరమ్మ.

"నాకేం తొందర లేదు మేడమ్, ఏడాది పట్టినా సరే. రేపు నేను లేనినాడు దాని చొక్కా ఎవరు తొడుగుతారు చెప్పండి?"

అంతలో అధికారి లోపలికి వచ్చాడు. మెల్లమ్మ నేరుగా ఆయన ముందుకెళ్లి, గుండీలు పెట్టని చొక్కాతో, చేతులు చాపి నిలబడింది.

"ఆహా, ఎంత చక్కగా సహకరిస్తోంది!" అని ఆయన మురిసిపోయి, గుండీలు తన చేత్తోనే పెట్టేశాడు. స్టాప్‌వాచీ ఆరు సెకన్లు చూపించింది. (చివర ఒక కాజా మిగిలిపోయింది. దానికి గడి లేదు.)

'విద్యార్థిని పురోగతి' అని ఉన్నచోట ఆయన స్వదస్తూరీతో రాశాడు: పదకొండు నిమిషాల నుంచి ఆరు సెకన్లకు.

కింద సంతకం చేయమని పెన్ను తల్లికి అందించాడు. ఆమె కూతురి వంక చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ కాసేపు వృథా కింద నమోదైంది.