బూరమ్మ వంకర గీతలు

ఒక పెద్ద అడవిలో, చచ్చిపోయిన అమ్మ బొమ్మ వేసుకోవాలన్నా పరీక్ష పాసవ్వాలి. నవ్వకండి. తొలకరికి ముందు ఏటిగట్టు బండ మీద ఎవరింట్లో పోయినవాళ్ల బొమ్మ వాళ్లు వేసుకోవడం అక్కడి ఆచారం. తాతల నాటి నుంచీ ఎవరికి చేతనైనట్టు వాళ్లు వేసుకునేవారు. అంతా బాగానే ఉండేది. అందుకే దాన్ని బాగుచెయ్యడానికి చిత్రకళా పరిషత్తు ఒకటి వెలిసింది.

అధ్యక్షుడు కొంగ ధవళయ్యగారు. ఆయన బొమ్మ వేయగా చూసినవాళ్లు లేరు గానీ, ఒంటికాలి మీద నిలబడి ఎదుటివాళ్ల బొమ్మలో తప్పులు పట్టడంలో మాత్రం ఆయనకి ఆయనే సాటి. కార్యదర్శి నక్క కుంభయ్య. వాళ్లు పెట్టిన పరీక్ష ఒకటే. బండ మీద నిలువు గీత గీయాలి. దాని మీద గండుచీమని నడిపిస్తారు. చీమ తూలకుండా పైకి చేరితే పాసు. తూలిందా, ఆ ఏడాది బండ ముట్టుకోకూడదు.

ఎలుగుబంటి బూరమ్మకి ఆ వేసవిలోనే తల్లి పోయింది. చిన్నప్పుడు ఉచ్చులో పడి బూరమ్మ కుడిచెయ్యి మెలితిరిగిపోయింది, సగం గోళ్లు లేవు. ఉన్న చేత్తోనే గీత గీసింది. చీమ సగం దూరం వెళ్లి, కళ్లు తిరిగి కిందపడింది.

"ఫెయిలు!" అన్నారు ధవళయ్యగారు, చీమ లేవకముందే.

"అయ్యా, గీతతో నాకేం పని? మా అమ్మ గీతలా ఉండేది కాదు కదండీ" అంది బూరమ్మ.

"మీలాంటివాళ్లతో ఇదే తంటా. ముందు గీత. తర్వాతే అమ్మ."

కుంభయ్య ఆమెను పక్కకు పిలిచాడు. "ఏడవకు బూరమ్మా. ఒక తేనెపట్టు తెచ్చిపెట్టు, మీ అమ్మ బొమ్మ పరిషత్తే వేసిపెడుతుంది. మేం వేసినవి చూడు, ఎంత చక్కగా ఉన్నాయో!"

బూరమ్మ చూసింది. గీతలు నిజంగానే దారం పట్టి గీసినట్టున్నాయి. కుందేలు తాత, జింక పిన్ని, ముళ్లపంది మామ, అందరికీ ఒకటే ముఖం. అదీ కాస్త ధవళయ్యగారి పోలిక.

"ఇందులో మా అమ్మని ఎలా గుర్తుపట్టేది?"

"కింద పేరు రాస్తాంగా!"

బూరమ్మ ఇంటికొచ్చి, అమ్మకి ఒక్క బొమ్మ కూడా వేయలేని చెయ్యి ఉంటే ఎంత, పోతే ఎంత అని కుమిలిపోయింది. పక్క పొదలో ఉండే అడవిపంది వరాలు ఊరుకోలేకపోయింది.

"ఓసి పిచ్చిదానా! ఆ చేత్తో నువ్వు తేనె పెడితే మీ అమ్మ ఎప్పుడైనా వద్దందా? బండకి వెనకవైపు కూడా ఉంది. అక్కడ చీమా లేదు, కొంగా లేదు. పోయి వెయ్యి!"

బూరమ్మ వెళ్లింది. పుల్ల పట్టుకుంటే జారిపోయింది. విసుగొచ్చి అరచెయ్యి మొత్తం జేగురుమట్టిలో ముంచి బండ మీద కొట్టింది. ఒక కన్ను పెద్దదైపోయింది. రెండోది దానికి సరిపెట్టబోతే మరీ చిన్నదైంది. నోరు చెవి దాకా పోయింది. సిగ్గేసి తుడిచేయబోయి, ఆగిపోయింది. అమ్మ ఉత్తుత్తి కోపం చూపించేటప్పుడు ఒక కన్ను అలాగే చిన్నదయ్యేది.

"అమ్మా! ఇక్కడున్నావా!" అని బావురుమంది. ఆ తర్వాత భయం పోయింది. చెవులు వేసింది, బొజ్జ వేసింది. చెయ్యి ఎటు జారితే అటే పోనిచ్చింది.

మర్నాడు ఆ బొమ్మ కుంభయ్య కంట పడింది. ధవళయ్యగారు ఎగిరిపడ్డారు. "తుడిపించు!"

"తుడిపిస్తే ఆమె మీద జాలిపడతారండీ. అందరికీ చూపిద్దాం. బొమ్మ ఎలా వేయకూడదో చెప్పడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. అందరూ కడుపుబ్బ నవ్వితే ఇక జన్మలో ఎవరూ సొంతంగా వేసుకోరు. తేనెపట్లన్నీ మనవే."

ధవళయ్యగారికి అది తెగ నచ్చింది. తొలకరి పండగనాడు అడవినంతా బండ వెనక్కి తోలుకొచ్చి, ముక్కుతో పొడిచి మరీ చూపించారు. "చూడండీ కన్ను! చూడండీ నోరు! దీన్నెవరైనా బొమ్మంటారా?"

బూరమ్మ తలొంచుకుని వరాలు వెనక నక్కింది. ముందు వరాలే అరిచింది. "వామ్మో! ముసలిదే! నేను దుంపలు తవ్వుతుంటే నాకేసి అచ్చం ఇలాగే గుడ్లురిమేది!"

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే కుందేలు చెల్లెమ్మ ఏడుపందుకుంది. "వానొస్తే నన్ను ఈ బొజ్జ కిందే దాచుకునేదే!" అంది. తర్వాత బండ ముందుకెళ్లి, పరిషత్తు వేసిన తాత బొమ్మను చూసింది. "మా తాతకి ఒక చెవి తెగి ఉండేది. ఏదీ?" అని అడిగి, తిరిగొచ్చి బూరమ్మ దగ్గర గుప్పెడు జేగురుమట్టి తీసుకుంది. ఆ వెనకే జింకలొచ్చాయి, ముళ్లపందులొచ్చాయి. పొద్దుగూకేసరికి బండ వెనక జాగా లేదు. పరిషత్తుకి మళ్లీ ఒక్క తేనెపట్టు వస్తే ఒట్టు.

పరిషత్తు అత్యవసరంగా సమావేశమైంది. "కాలం మారింది. ఇకనుంచి వంకరే శాస్త్రం" అని తీర్మానించారు ధవళయ్యగారు. కుంభయ్య గడ్డిపరకతో బూరమ్మ బొమ్మని కొలిచాడు. పెద్ద కన్ను ఎంత, చిన్న కన్ను ఎంత, నోరు ఎంత దూరం పోవాలి, అన్నీ నియమాలైపోయాయి. బొమ్మ వేసేవాళ్లు కుడిచెయ్యి తీగతో మెలిపెట్టి కట్టుకోవాలన్నారు. పాపం, కొందరు కట్టుకున్నారు కూడా.

మరుసటి ఏడు బూరమ్మ, ఎప్పుడో పోయిన నాన్న బొమ్మ వేద్దామని వచ్చింది. సగం వేసిందో లేదో ధవళయ్యగారు గడ్డిపరకతో ప్రత్యక్షం.

"ఫెయిలు! పెద్ద కన్ను ఎడమవైపు రావాలి, నీకు కుడివైపొచ్చింది. నోరు చెవి దాకా పోనేలేదు. బూరమ్మ శైలి నీకు బొత్తిగా పట్టుబడలేదు."

"బూరమ్మని నేనేనండీ."

"అయితే? నీ శైలి మీద మాకున్న పట్టు నీకు లేదు."

నిరుటి బూరమ్మయితే ఇంటికెళ్లి ఏడ్చేది. ఈసారి పొట్ట అదిరేలా నవ్వి, చెయ్యి మళ్లీ మట్టిలో ముంచింది.

"ఇది మా అమ్మ కాదండీ, మా నాన్న. ఆయన అంతగా నవ్వేవాడు కాదు. కాస్త పక్కకి జరగండి, మీ నీడ ఆయన ముఖం మీద పడుతోంది."

నీతి: మీకొచ్చిన వంకర గీతలు ధైర్యంగా గీసుకోండి గానీ, అవి బాగున్నాయని పరిషత్తువాళ్లకి మాత్రం తెలియనివ్వకండి.