రంగడికి చామంతి దండ

పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోయి ఇంత గాలి పీల్చుకోనిదే రుక్మణమ్మకు కాఫీ సహించదు. కళ్ళు మసకబారి చాలా కాలమైంది. కొంగుకు ముడివేసిన నూలుతాడు రెండో కొసను నోట కరచుకుని రంగడు ముందు నడుస్తాడు, ఆవిడ వెనక నడుస్తుంది. రంగడంటే కొడుకు కాదు, కుక్క. కొడుకు పురుషోత్తమన్‌కు నూలు కొట్టు తెరవడానికే పొద్దు చాలదు.

ఆ సోమవారం ఆవిడ బయలుదేరబోతుంటే కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈపొద్దు వద్దమ్మా. దండోరా ఇనలేదా? మెడలో తోలుపట్టీ లేని కుక్క వీధిలో కనబడితే ఫ్రెంచి దొరతనం వాళ్ళు బండిలో ఏసుకుని పోతారంట. పోయింది మళ్ళా రాదు."

"అయితే పట్టీ కట్టు."

"కడతా. తోలు ఇంట్లోకి రానిస్తావా?"

కొడుకు ముచ్చటపడి కొన్న తోలుసంచీని గుమ్మం దాటనివ్వని మడి రుక్మణమ్మది. కుక్క వంటింటి గడప మీద పడుకోవచ్చు గాని తోలు మాత్రం ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఇదెక్కడి న్యాయమని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"వాడు లేకపోతే నేను మూల కూర్చుని చావాల్సిందే నాయనా" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ వీధిలోని తెలుగు ఇళ్ళన్నిటిదీ అదే ఆచారం, అదే దిగులు. పక్కింటి ఆదికేశవన్ అందరినీ తన తిన్నె మీద పోగుచేశాడు. ఆయన కోర్టులో దుబాసి. వచ్చిన ఫ్రెంచి కొంచెం, ధీమా కొండంత.

"కుక్కలోళ్ళమంతా సంగమైతే మేయరు దొర ఇనక యాడ పోతాడు? తోలుకు బదులు తాడో దండో ఏదైనా చాలునని చట్టం మార్చమందాం. కుక్కలకు పూలదండలేసి తోలుకుపోదాం పదండి!"

"దొర దగ్గిరికి ఒట్టి చేతులతోనా మామా?" అన్నాడు పురుషోత్తమన్.

"ఆయనకూ ఒక దండ, మర్యాదకు నిమ్మకాయ. రుక్మణక్క చేతనే ఏయిద్దాం."

ఆలోచన మంచిదే. చెడిందల్లా దారిలో. చామంతి దండలతో బారులు తీరిన కుక్కలను చూసి మలుపులో ఒక ముసలాయన "భైరవస్వామి ఊరేగింపు!" అని చెంపలు వేసుకున్నాడు. కర్పూరం వెలిగింది, కొబ్బరికాయలు పగిలాయి. తిరునామంతో బయలుదేరిన పురుషోత్తమన్ నుదుట ఎవరో ఇంత విభూతి రాశారు. కాదయ్యా అని చెప్పబోయి ఆదికేశవన్ నోరు తెరిస్తే అందులో బెల్లంముక్క పెట్టారు. పెళ్ళింటి నుంచి తిరిగొస్తున్న మేళంవాళ్ళు దేవుడి పని కదా అని డోలూ నాదస్వరమూ అందుకున్నారు. కుక్కలన్నీ గొంతు కలిపాయి. రంగడు కూడా తాడు వదిలేసి రాగం తీశాడు.

కుక్కల్ని పట్టే బండివాళ్ళు మునియప్పన్, చిన్నదురై అప్పటికే వెంటబడి వస్తున్నారు.

"ఒక్కదానికీ పట్టీ లేదు. పట్టేద్దామా అన్నా?" అన్నాడు చిన్నదురై.

"సామి కుక్కను ముట్టుకుంటే చెయ్యి పడిపోతుందిరా. దండ ఊడనీ, చూద్దాం" అన్నాడు మునియప్పన్.

మేయరు దొర ఇంటి ముందుకు రాగానే మేళం ఊపందుకుంది. ఆ మోతకు హడలిపోయి దొరగారి బొచ్చుకుక్క కిటికీలోంచి వీధిలోకి దూకింది. ఇంట్లో ఉండే కుక్కకు పట్టీ దేనికని దొర కట్టలేదు. బండివాళ్ళకు పొద్దుటినుంచి కనబడిన బోసిమెడ అదొక్కటే. లటుక్కున పట్టి బోనులో పడేశారు.

దొర మెడకు టై కూడా కట్టుకోకుండా మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి అరవసాగాడు. అందులో ఆదికేశవన్‌కు వచ్చిన ముక్క ఒక్కటీ లేదు. అయినా వెనకాడలేదు.

"దొరకు మన భక్తి నచ్చింది!" అన్నాడు. మేళం ఇంకా హెచ్చింది.

బోనులోని ఏడుపు రుక్మణమ్మ చెవిన పడింది. "అయ్యో, నా రంగడు!" అంటూ తడుముకుంటూ బండి దగ్గరికి పోయి గడియ లాగేసింది. పెద్దావిడను నెట్టడానికి మునియప్పన్‌కు చేతులు రాలేదు. కుక్క ఆవిడ మీదికి ఉరికింది. ఒళ్ళంతా బొచ్చు తగిలి ఆవిడ ఉలిక్కిపడింది.

"మావోడు కాదే! పోనీలే, నీ కోసం కూడా ఏ ఇంట్లోనో ఎవురో ఏడుస్తా ఉంటారు" అని, దొర కోసం తెచ్చిన దండను దాని మెడలో వేసింది. "దండ ఉంది. ఇంక ఎవురు తాకుతారో రమ్మను!"

బండివాళ్ళు చేతులు జోడించి వెనక్కి తగ్గారు.

దొర మెట్లు దిగి వచ్చి కుక్కను గుండెకు హత్తుకున్నాడు. కళ్ళు తడిశాయి. "మెర్సీ, మెర్సీ" అంటూ రుక్మణమ్మ చెయ్యి ముద్దాడబోయాడు. ఆవిడ చటుక్కున వెనక్కి లాక్కుని ఆయన చేతిలో నిమ్మకాయ పెట్టింది.

"ఈ మాట నాకు వచ్చు! నీ మేలు మరవనంటాడక్కా" అన్నాడు ఆదికేశవన్, ప్రాణం లేచొచ్చి. ఆ ఊపులోనే తోలు సంగతి కూడా ఎలాగో దొర చెవిన వేశాడు. మెడలో ఏదో ఒకటి ఉంటే చాలు, తోలే కానక్కరలేదని దొర అక్కడికక్కడే చట్టం సడలించాడు.

"నా కళ్ళు నాకు మిగిల్చినావు నాయనా, చల్లగా ఉండు" అని రుక్మణమ్మ మనసారా దీవించింది. రంగడు వచ్చి తాడు మళ్ళీ నోట కరచుకున్నాడు.

ఇక ఆ వాకిట్లో కొత్త చట్టం ప్రకారం బోసిమెడతో మిగిలింది దొర ఒక్కడే గాని, బండివాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.