మంత్రిగారి పర్యావరణ పట్టా

"ఇవాళ్టి నుంచి నేను మంత్రిని మాత్రమే కాదు, విద్యార్థిని కూడా!" అని పర్యావరణ శాఖ మంత్రిగారు విలేకర్ల ముందు ప్రకటించేసరికి హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పర్యావరణ నిర్వహణ, సుస్థిరాభివృద్ధి అనే పీజీ కోర్సులో వారు చేరుతున్నారు. తన శాఖ దేని గురించో తెలుసుకోవాలన్న కోరిక ఒక మంత్రికి కలగడం ఇదే మొదటిసారని ఓ పెద్ద అధికారి కళ్ళు తుడుచుకున్నాడు.

వెనక వరసలో కూర్చున్న పీఏ మాత్రం చప్పట్లు కొట్టలేదు. క్లాసులకు వెళ్ళాల్సింది ఎవరో అతనికి అప్పటికే చెప్పేశారు.

మొదటిరోజు హాజరు పిలుస్తూ ప్రొఫెసర్ ఒక పేరు దగ్గర ఆగి, లేచి నిలబడ్డాడు.

"గౌరవనీయులైన మంత్రివర్యులు వచ్చారా?"

"వచ్చారండీ," అన్నాడు పీఏ.

"సంతోషం. వారిని కూర్చోమనండి."

పీఏ కూర్చున్నాడు.

వారం వారం కారులో మంత్రిగారు శ్రద్ధగా అడిగేవారు. "ఏమయ్యా, ఈ వారం నేనేం నేర్చుకున్నాను?"

"సుస్థిరాభివృద్ధి సార్. రాబోయే తరాలకు కూడా మిగిలేలా వాడుకోవడం."

"ఓస్, అదా! నా మనవళ్ళ దాకా ఎప్పుడో మిగిల్చేశాను. ఇంత తేలికైతే ముందే చదివేవాణ్ణి."

వచ్చిన చిక్కల్లా, పీఏకి చదువు వంటబట్టింది. టీ గ్లాసు ముందు పెట్టుకున్నా అందులోని నీళ్ళు ఎక్కడివా అని ఆలోచించసాగాడు. ఇంతలో క్షేత్ర పర్యటన వచ్చింది. ప్రొఫెసర్ అందర్నీ తీసుకెళ్ళింది ఎక్కడికో కాదు, పీఏ ఇంటి వెనకున్న చెరువుకే. చెరువులో సగం అప్పటికే మట్టిదిబ్బ. లారీలు వరసకట్టి కూల్చిన భవనాల చెత్తను నీళ్ళలో దింపుతున్నాయి. గట్టు మీద పెద్ద బోర్డు: 'చెరువు అందాలు చూసే విల్లాలు.' కింద మంత్రిగారి బావమరిది నవ్వుతున్న ఫోటో.

"ఆ వైపు చూడకండి," అన్నాడు ప్రొఫెసర్. "పక్షుల్ని చూడండి."

"పక్షుల్లేవు సార్," అంది ఒకమ్మాయి.

"అయితే నోట్సు చూసుకోండి."

ఆ సాయంత్రం పీఏ భార్య ఖాళీ బకెట్ తెచ్చి అతని ముందు పెట్టింది. "బోరు పూర్తిగా ఎండిపోయిందండీ. మీ మంత్రిగారు చదివే చదువులో దీనికేమైనా మందుందా?"

పీఏ బకెట్‌ను పక్కకు జరిపి థీసిస్ కాగితాలు ముందేసుకున్నాడు. పన్నెండేళ్ళుగా మంత్రిగారి ఉపన్యాసాలు రాస్తున్నాడు. ఒక్కదాంట్లోనూ నిజం రాసిన పాపాన పోలేదు. ఈసారి అన్నీ రాశాడు: లారీలు, మట్టి, ఎండిన బోర్లు, బావమరిది, అనుమతి ఇచ్చిన శాఖ. తీసుకెళ్ళి సంతకానికి పెట్టాడు.

మంత్రిగారు థీసిస్‌ను చేత్తో ఎత్తి చూశారు. "బరువుగా ఉంది. చాలా బాగా రాశాను," అని సంతకం చేశారు. పరీక్షకులు కూడా అలాగే బరువు చూసి బంగారు పతకం ఇచ్చారు.

కర్మకాలి ఓ విలేకరి దాన్ని చదివాడు. మర్నాడు పత్రికలన్నీ ఒకటే మోత: 'సొంత బావమరిదినీ వదలని మంత్రి!'

పొద్దున్నే బావమరిది ఊగిపోతూ వచ్చాడు. "ఏంటి బావా ఇది? నా కొంప ముంచావు కదా!"

పీఏ గోడకు అతుక్కుపోయాడు. ఉద్యోగం పోతే పోయింది, చెరువైనా దక్కితే చాలనుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. పార్టీ అధ్యక్షులవారు. మంత్రిగారు లేచి నిలబడి విన్నారు. "మీ ఆశీస్సులండీ... నిజాయితీ నా రక్తంలోనే ఉందండీ..." ఫోన్ పెట్టేసేసరికి ముఖం వెలిగిపోతోంది.

"పీఏ! ఇలా రావయ్యా. నన్ను చూసి పార్టీ గర్వపడుతోందట. ఇక్కడితో ఆపొద్దన్నారు. పీహెచ్‌డీలో చేరుతున్నాను."

పీఏ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంటే సార్, చెరువు..."

"అదే నా అంశం. రాసుకో: 'చెరువు మాయమయ్యాక పరిసర ప్రజల జీవనం, ఒక పరిశీలన.'"

"సార్, చెరువు ఇంకా సగం ఉంది కదా."

మంత్రిగారు బావమరిది భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"అడ్మిషన్ సంగతి నువ్వు చూడు. ఆ సగం సంగతి వీడు చూసుకుంటాడు."