బట్టతల మీద మొలిచిన గడ్డి

పిల్లల బారి నుంచి ఆటలను కాపాడడం ఎలా? ఈ మహా సమస్యకు మా ఊళ్ళో పరిష్కారం దొరికింది పాఠకులారా! చప్పట్లు కొట్టండి. కూర్చునే కొట్టండి సుమా, లేచి గెంతితే ఇన్సూరెన్స్ వర్తించదు.

నా పేరు అబుందియో. వియార్దొన్సెల్ ఊళ్ళో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచాను. జనం ఉత్తరాలు రాయడం మానేశాక కూడా సంచీ తగిలించుకుని వీధులన్నీ తిరిగాను. ఆ అనుభవం చూసే మేయర్ గుమెర్సిందో గారు నన్ను క్రీడా వారసత్వ పరిరక్షణ కమిటీకి కార్యదర్శిని చేశారు. లేని ఉత్తరాలు మోసినవాడికి ఆడని ఆటలు ఒక లెక్కా! ఆటస్థలం గేటు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఊరు మొత్తానికి అదొక్కటే.

మా ఆట పేరు కల్వా. ఓక్ కొయ్యను ఎద్దు కొమ్ములా వంపుగా చెక్కి నేల మీద నిలబెడతారు. ఇరవై అంగల అవతల నుంచి గుండ్రాయి విసిరి దాని పై కొసను కొట్టాలి. షరతు ఒకటే. రాయి ముందు కొయ్యను ముట్టాలి. ముందు నేలకు తగిలి, ఎగిరి కొయ్యను కొట్టిందా, చూస్తున్నవాళ్ళంతా "చెల్లదు!" అని ఒక్క గొంతుతో అరుస్తారు. ఇది కంటితో తేలే విషయం కాదు, చెవితో తేలుతుంది. "టక్" అంటే చెల్లినట్టు. "దబ్, టక్" అంటే చెల్లనట్టు. ఆ దబ్బు వినపడిందా లేదా అన్న తగాదాలో కుదిరిన పెళ్ళిళ్ళు కూడా తప్పిపోయాయి మా ఊళ్ళో.

కల్వా అంటే మా భాషలో బట్టతల అని అర్థం. రాళ్ళు ఏరేసి, గడ్డి పీకేసి, ఆడి ఆడి బోడిగుండులా నున్నగా చేసిన నేల కనుక ఆ పేరు. ఆదివారం చర్చిలో పూజ ఎప్పుడవుతుందా అని ఊరంతా ఎదురుచూసేది ఆ నేల కోసమే. పాదిరీ గారు కూడా ప్రసంగం తొందరగా ముగించేవారు.

మూడేళ్ళ కిందట మా ఆటకు వారసత్వ హోదా వచ్చింది. దాంతోపాటే కంచె వచ్చింది, గేటు వచ్చింది. ఒక మూల సందర్శకుల కేంద్రం వెలిసింది. కొయ్యా రాయీ గాజు బీరువాలోకి చేరాయి. గేటుకు ఇత్తడి బోర్డు తగిలించారు: "దయచేసి ఆడకండి. ఇది ఆటస్థలం."

గిట్టనివాళ్ళు ఆ బోర్డు చూసి నవ్వారు. నవ్వడానికేముంది? సబ్బు వాడితే అరుగుతుంది, చెప్పు వాడితే అరుగుతుంది. ఆట మాత్రం అరగదా? మనవాళ్ళు దాన్ని వందల ఏళ్ళు ఎడాపెడా వాడేశారు! ఇన్నాళ్ళకు దానికి కాస్త విశ్రాంతి దొరికింది, పాపం.

లాభాలు ఒకటా రెండా? పిల్లల మోకాళ్ళు చూడండి, పింగాణీ కప్పుల్లా ఉన్నాయి. చర్చి వెనక కిటికీ అద్దం మూడేళ్ళుగా పగల్లేదు. ఊరికి మిగిలిన పిల్లలు ముగ్గురే అయినా మేం ఏమరుపాటుగా లేము. మొన్న ఆ ముగ్గురూ చర్చి ముందు సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, "పురాతన శిలలపై అనధికార లేఖనం" అని నోటీసు ఇచ్చాం. నోటీసు అందుకున్న పిల్ల దాన్ని మడిచి బిళ్ళగా వాడుకుంది. ఆ పిల్ల పేరు నియెవెస్. రొట్టెల కొట్టువాళ్ళ అమ్మాయి, పదేళ్ళది. మళ్ళీ తగులుతుంది మీకు.

అన్నిటికన్నా గొప్ప విజయం చెప్పనే లేదు. ఆటస్థలం నిండా మోకాలెత్తు గడ్డి పెరిగింది! ప్రపంచంలో ఏ డాక్టరూ చెయ్యలేని పని మా కమిటీ చేసింది. బట్టతల మీద జుట్టు మొలిపించింది. తమ నెత్తి నిమురుకుంటూ మేయర్ గారు ఆ గడ్డిని ఎంత ఆశగా చూస్తారో!

ఇంత మంచి జరుగుతుంటే ఓర్వలేనివాడు ఒకడు ఉండనే ఉంటాడు కదా. మా ఊళ్ళో ఆయన ఎలాదియో మామ. ఎనభై రెండేళ్ళు. కల్వాలో ఆయన్ని ఓడించినవాడు మా జిల్లాలో పుట్టలేదు, పుట్టినా ఒప్పుకోలేదు. వసంతంలో ఒకరోజు నియెవెస్‌ను వెంటబెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చే నెల నా భుజం కోస్తారట్రా. కోశాక చెంచా ఎత్తితే అదే గొప్పంటున్నాడు ఆ డాక్టరు. ఈలోపు ఈ పిల్లకి విసరడం నేర్పాలి. ఓ గంట గేటు తియ్యి."

"అర్జీ పెట్టుకో మామా" అన్నాను.

"అర్జీయా! నీకు విసరడం నేర్పిందెవర్రా?"

"నువ్వే. నా రాయెప్పుడూ నేలనే కదా ముట్టేది. అందుకే నన్ను కార్యదర్శిని చేశారు."

"మా నాన్నకి రాదు. మా మాస్టారికీ రాదు" అంది నియెవెస్. "తాతకి ఒక్కడికే వచ్చు. తాత చెయ్యి పోతే ఇంక ఎవర్నడగాలి?"

ఈ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. ఉన్న గడులు నింపించి అర్జీ పైకి పంపాను. ఆరు నెలల్లో పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆపరేషన్‌కు ముప్ఫై రోజులుంది. ప్రభుత్వానికీ భుజానికీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో మీకు తెలుసు.

సరే, మూడేళ్ళుగా వాయిదా పడుతున్న సందర్శకుల కేంద్రం ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. రాజధాని మాద్రిద్ నుంచి వారసత్వ శాఖ డైరెక్టరమ్మ విచ్చేశారు. గాజు బీరువా ముందు నిలబడి, "ఈ కొయ్యలో మన పూర్వీకుల చేతి స్పర్శ తెలుస్తోంది" అని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత గోడకున్న ఎర్ర బటన్ దగ్గరికి వచ్చారు. నొక్కితే ఆట చప్పుడు వినిపిస్తుంది. ఇక ఎవరూ రాయి విసరనక్కర్లేదు.

నొక్కారు.

దబ్, టక్.

వెనక నుంచి ఓ సన్నని గొంతు ఖంగుమంది.

"చెల్లదు!"

"ఏమంటోంది పాప?" అన్నారు డైరెక్టరమ్మ.

"రాయి ముందు నేలని ముట్టిందండీ. మళ్ళీ విసరమనండి."

"ఇది మాద్రిద్‌లో పెద్ద స్టూడియోలో రికార్డ్ చేయించామమ్మా!"

"అయితే మాద్రిద్ వాళ్ళకి విసరడం రాదన్నమాట" అన్నాడు ఎలాదియో మామ. అప్పటికి ఆయన కుడిచెయ్యి కట్టులో వేలాడుతోంది.

మేయర్ గారు కంగారుగా ఇంకోసారి నొక్కారు. దబ్, టక్. ఈసారి ఊరంతా "చెల్లదు!" అంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అన్నారు. పాదిరీ గారు అందరికన్నా గట్టిగా అన్నారు! మూడేళ్ళలో మా ఊరు అంత సంతోషంగా అరవడం అదే మొదలు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు.

డైరెక్టరమ్మ కారు మలుపు తిరగగానే మేయర్ గారు నా చొక్కా పట్టుకున్నారు. "గేటు పడి మూడేళ్ళయింది. అప్పటికి ఆ పిల్లకి ఏడేళ్ళు. ఆ దబ్బు సంగతి దానికెవరు చెప్పారు?" అంటూ కేంద్రం వెనక్కి నడిచారు. అక్కడ మోకాలెత్తు గడ్డి మధ్య ఇరవై అంగల పొడవున నేల నున్నగా, బోడిగా మెరుస్తోంది. "ఎవడి పనో తేల్చి రిపోర్ట్ రాయి!" అన్నారు.

రాశాను. తాళంచెవి ఒక్కటే. అది నా జేబు దాటలేదు. మామ ఆ పిల్లకు విసరడం నేర్పిన గురువారం సాయంత్రాలు నేనెక్కడున్నానంటే, ఆ గడ్డిలోనే కొయ్య పక్కన చెవి ఒగ్గి నిలబడి ఉన్నాను. వాన పడిన నేల మీద దబ్బు సరిగ్గా వినపడదు, దగ్గర ఒకరుండాలి. కొయ్య ఎక్కడిదంటారా? బీరువాలోదే. మరి బీరువాలో ఇప్పుడున్నది మా ఆవిడ పాత ఊగుడు కుర్చీ చెయ్యి. పూర్వీకుల స్పర్శ అన్నారే, ఆ మాట అబద్ధం కాదు. మా అత్తగారు అందులోనే కూర్చునేది.

మొన్న గురువారం కూడా వెళ్ళాం. ఎలాదియో మామ కుర్చీ వేయించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నియెవెస్ విసిరింది.

టక్.

"చెల్లింది" అన్నాడాయన, కళ్ళు తెరవకుండానే. ఎడమచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

అందువల్ల కమిటీకి నా నివేదిక ఇది. బట్టతల తిరగబెట్టింది. వారం వారం పెరుగుతోంది. ఇప్పుడు మిగతా ఇద్దరు పిల్లలకూ అంటుకుంది. దీనికి మందు లేదు.