వంటింటి తెర ముట్టడి

అవధరించండి! తపాలా పెట్టెల మూతల మీద మంచు ఇంకా ఆరని, చెత్తడబ్బాలు శిరస్త్రాణాలు ధరించిన పదాతిదళంలా వీధి పొడవునా బారులు తీరిన, గడియారపు చిన్నముల్లు ఎనిమిదిని జయించి పెద్దముల్లు రెండు మీదికి దండెత్తుతున్న ఒకానొక శుక్రవారపు ఉదయాన, పుట్టినగడ్డకు రెండు సముద్రాల ఆవల, ఒకే అచ్చులో పోసినట్టున్న నలభై ఇళ్లు ఒకదాని భుజాన్నొకటి ఆనుకుని నిలిచిన ఒకానొక వీధిలో, ఎడమవైపు పదిహేడో ఇంటి వంటగదిలో, భోజనపు బల్ల కింద, ఒక వీరుడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ వీరుడెవరు? బల్ల కిందకి ఎందుకు చేరాడు? శ్రద్ధగా వినేవారికి చెబుతాను. వినని వారికి రెండోసారి చెప్పను.

అతడు దృష్టిదోషనివారకుడు, చత్వారగర్వభంజనుడు. అంటే, నగరంలోని ఒక కళ్లద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించే ఉద్యోగి. పరుల చూపును సరిచేయడంలో అతని చేతికి తిరుగులేదు. పరులు తనను చూసే చూపు సంగతి వస్తే మాత్రం ఆ చేతులు చల్లబడిపోయేవి. అతనికి ఒక అక్క. ఆమె మహారథి. నలభయ్యో నంబరు బస్సు అనే ముప్పై ఆరు ఆసనాల లోహరథాన్ని, అద్దానికీ గోడకీ మధ్య జానెడు సందుంటే చాలు, గీత పడకుండా దాటించగల సారథి. ఆ దేశానికి ముందు ఆమె వచ్చింది. తరువాత తమ్ముణ్ణి రప్పించుకుంది.

అక్కాతమ్ముళ్లు పందొమ్మిదేళ్లు ఒక మేడమీది అద్దెవాటాలో ఉన్నారు. కింది వాటాలో ఉండే పెద్దమనిషి చీపురుకర్రతో తన ఇంటి కప్పును, అంటే వీరి ఇంటి నేలను, పొడిచేవాడు. అందుచేత వీరు మిక్సీ కింద దుప్పటి మడతపెట్టి వేసేవారు. కుర్చీలకు మేజోళ్లు తొడిగేవారు. అక్క పందొమ్మిదేళ్లూ మునివేళ్ల మీదే నడిచింది. ఒకరోజు మెట్లమీద ఆ పెద్దమనిషి ఆమెను ఒక మాట అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. వెనకాలే కూరగాయల సంచితో వస్తున్న తమ్ముడు విన్నాడు. వినలేదన్నట్టే ఉండిపోయాడు.

ఆ తరువాతే స్వగృహసముపార్జన దిగ్విజయయాత్ర మొదలైంది. ఏజెంటు ముందు, అక్క మధ్యన, తమ్ముడు వెనక, పదకొండు ఇళ్లమీద దండెత్తారు. పదకొండూ తమ్ముడి చేతిలోనే కూలాయి. అతడు గదులు చూసేవాడు కాదు, ఇరుగుపొరుగును చూసేవాడు.

"అక్కా, ఆ పక్కింటాయన మనల్ని చూసి కిటికీ మూసేశాడు."

"చలేస్తోందిరా. నువ్వైనా మూసేవాడివే."

"మరి ఆ కుక్క? ఏజెంటుని చూసి మొరగలేదు. నిన్ను చూసి మొరగలేదు. నన్ను చూసే మొరిగింది."

"ఎందుకు మొరగదూ? దాన్ని చూడగానే నా వెనక దాక్కున్నావు. దొంగనుకుంది."

పన్నెండో ఇంటి దగ్గర అక్క కాలు ముందుకీ కదపలేదు, వెనక్కీ కదపలేదు. ముందుగదిలో చెక్కనేల మీద రెండు మడమలూ ఆనించి నిలబడింది. కింద ఎవరూ లేరు. భూమి ఉంది. పైగా నలభయ్యో నంబరు బస్సు ఆ గుమ్మం ముందునుంచే పోతుంది.

"ఇదే," అంది.

అప్పుడా వీరుడు, 'ఓ సహోదరీ! పరాయి నేలపై గోడలు కొనవచ్చు, గోడలావలి మనసులు కొనగలమా? ఆ సోపానమార్గాన నీవు సహించిన వాగ్బాణము వంటిది మరొక్కటి నీ చెవిని తాకిన నా గుండె నిలుచునా?' అని ఉపన్యసింపదలచి, తీరా నోరు తెరిచాక ఇలా అన్నాడు:

"ఒక్క మాటక్కా. ఈ వీధిలో ఎవరైనా మొహంమీద ఒక్క మాట అన్నారంటే ఇల్లు అమ్మేసి మళ్లీ అద్దెకి పోదాం."

అక్క అతని మొహంలోకి చూసింది. మెట్లమీద మాట వీడు కూడా విన్నాడని ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

"సరే. కానీ నువ్వు విన్నా నాకు చెప్పాలి, నేను విన్నా నీకు చెప్పాలి. దాచకూడదు."

"దాచను."

ఈ ప్రతిజ్ఞ గుర్తుంచుకోండి. బల్ల దీనివల్లనే అవసరమైంది.

శనివారం గృహప్రవేశం. ఆదివారం, సోమవారం అక్కకు సెలవు. వంటింటి కిటికీ వీధివైపు ఉంది. దానికి తాడు లాగితే పైకి ముడుచుకునే, వదిలితే జారిపడే పలకల తెర ఒకటి. ఆదివారం సరిగ్గా ఎనిమిదింటికి అక్క టీ నీళ్లు పొయ్యిమీద పెట్టి, వెలుతురు కోసం ఆ తెర ఎత్తింది. ఎత్తగానే ఎదురింటి కిటికీలో ప్రత్యక్షమైంది ప్రతిపక్షం: తెల్లజుట్టు, బూడిదరంగు స్వెట్టరు, చేతిలో కప్పు. ముసలావిడ. రెప్ప వెయ్యకుండా చూస్తోంది. చూసి చూసి, గుండెమీద చెయ్యి వేసుకుంది.

"చూశావా?" అన్నాడు తమ్ముడు. "మనం కనబడగానే గుండె పట్టుకుంది. అమ్మో ఎవరు దిగబడ్డార్రా అని."

"పెద్దావిడరా. గుండె ఎక్కడుందో చూసుకుంటోందేమో."

సోమవారం కూడా ఎనిమిదింటికి అదే కప్పు, అదే చూపు. మంగళవారం అక్క తెల్లారకముందే డిపోకి వెళ్లింది. కోట రక్షణభారం తమ్ముడిపై పడింది. అతని దుకాణం పదింటికి గాని తెరవరు. ఏడున్నరకే అతడు ఆ తెరను గభాలున దించి, తాడును కిటికీ కొక్కేనికి ఏడు ముళ్లు వేసి, పలకల సందులోంచి శత్రుచలనాలు గమనించసాగాడు. ఆహా! ఏమని వర్ణించను ఆ వృద్ధవీరాంగన దండయాత్రను! మంగళవారం చేతికర్ర పట్టుకుని తన గుమ్మం మెట్టుదాకా వచ్చింది. బుధవారం నడివీధిలో నిలిచి ఆ మూసిన తెరను నఖశిఖపర్యంతం పరిశీలించింది. గురువారం గేటు గడియ మీద చెయ్యి వేసి, ఏమనుకుందో, వెనుదిరిగింది.

"రోజుకి కొంత ముందుకొస్తోందక్కా," అన్నాడు ఆ రాత్రి అన్నం కలుపుతూ.

"ఏమన్నా అందా?"

"ఇంకా అనలేదు."

"అయితే తిను."

అక్క కంచం తీసుకుని లేచి వెళ్తుంటే చెక్కనేల మీద ఆమె మడమలు టకటకమన్నాయి. తమ్ముడు చెయ్యి ఆపి ఆ చప్పుడు విన్నాడు. పందొమ్మిదేళ్లలో తన అక్క నడిస్తే చప్పుడవుతుందని అతనికి తెలియదు.

శుక్రవారం. ఏడు యాభైతొమ్మిది. గేటు గడియ పడిన చప్పుడు. వీరుడు తెరను మరింత బిగించబోయి తాడును బలంకొద్దీ లాగాడు. పుటుక్కున తెగింది. పలకలన్నీ ఒకవైపుకి ఒరిగి, కూలిన పతాకంలా వేలాడాయి. అంతలో తలుపుమీద కర్ర మోత. టక్. టక్. టక్.

తలుపు తీస్తే ఆవిడ మాట అంటుంది. అంటే వినాలి. వింటే అక్కకి చెప్పాలి. చెబితే ఇల్లు పోతుంది, ఆ మడమల చప్పుడు పోతుంది. ఇంతటి ధర్మసంకటంలో ఏ మహావీరుడికి ఏ ఉపాయం తోచిందో నాకు తెలియదు. మనవాడికి తోచింది ఇది: వినని మాటను చెప్పనక్కర్లేదు. వెంటనే జేబులోంచి, అద్దాలు అరగదీసే యంత్రం దగ్గర చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు తీసి, రెండు చెవుల్లోనూ కూరుకుని, బల్ల కిందకి దూరి, కళ్లు కూడా మూసుకున్నాడు. వీపు దాగింది, తల దాగింది. కాలివేళ్లు పది మాత్రం బయటే ఉండిపోయాయి.

ముసలావిడ తలుపులోని ఉత్తరాల సందు మూత ఎత్తి లోపలికి చూసింది. నడవా. నడవా పక్కన తెరిచిన వంటింటి తలుపు. బల్ల కింద కదలని పది కాలివేళ్లు. పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. వేళ్లు కదలలేదు.

అప్పుడావిడ చేసిన సాహసం చరిత్రలో చేరదగ్గది. కర్ర ఊపుకుంటూ నడివీధికి పరుగెత్తింది. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, రెండు చేతులూ చాపి, ఎదురుగా వస్తున్న ఒక మహారథానికి అడ్డం నిలిచింది. కీచుమంటూ ఆగిన ఆ రథం నలభయ్యో నంబరు బస్సు.

"అమ్మాయ్! దిగు, దిగు! ఆ ఇంట్లో మనిషి పడిపోయాడు!"

డ్రైవరు ఆ కర్ర చూపిన ఇంటివైపు చూసింది. చేతిబ్రేకు లాగి, బస్సులో ఇరవైముగ్గుర్ని అలాగే వదిలేసి, ఒక్క దూకు దూకి, జేబులోంచి తాళంచెవి తీసింది.

"నీ దగ్గర తాళం ఎలా ఉంది?" అంది ముసలావిడ, డ్రైవరు టోపీలో ఆమెను పోల్చుకోలేక.

"అది మా ఇల్లండీ. వాడు మా తమ్ముడు."

తలుపు తెరుచుకుంది. అక్క బల్ల కిందకి వంగింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. శ్వాస ఆడుతోంది. వెచ్చగా ఆడుతోంది. అప్పుడు చెవిలో బిళ్ల కనబడింది. భయం దిగినచోటికి కోపం ఎక్కి కూర్చుంది.

"ఒరే!" అని డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

వీరుడు కళ్లు తెరిచాడు. ఎదురుగా అక్క, అక్క వెనక ముసలావిడ, ఆవిడ వెనక బస్సు దిగి వచ్చిన ముగ్గురు ప్రయాణికులు. చెవుల్లో బిళ్లలతోనే అతడు పెద్దగా అరిచాడు:

"నేనేం వినలేదక్కా! ఆవిడ ఏమన్నా సరే, నా చెవిన పడలేదు! ఇల్లు మనదే!"

అక్క ఒక్కొక్క చెవిలోంచీ బిళ్ల పీకి అతని చేతిలో పెట్టింది.

"లే. పెద్దావిడకి కుర్చీ వెయ్యి."

ముసలావిడ కూర్చుంది. నీళ్లు తాగింది. ఒరిగిపోయిన తెరవైపు చూసింది. ఆవిడ అన్నది ఆ దేశపు భాషలో. మన మాటల్లో చెబితే ఇది:

"మీకు ముందు ఈ ఇంట్లో ఉన్నావిడా, నేనూ, ఇద్దరం ఒంటరివాళ్లమే. పొద్దున ఎనిమిదింటికి తను ఈ తెర ఎత్తాలి, నేను నాది ఎత్తాలి. ఎత్తితే బాగున్నట్టు. ఫోన్లూ పలకరింపులూ ఏం లేవు. ఇరవై రెండేళ్లు. పోయిన చలికాలం ఒకరోజు తెర లేవలేదు. నేనే వచ్చి తలుపు కొట్టాను."

ఆవిడ ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టింది.

"నాలుగు నెలలు ఇల్లు ఖాళీ. అయినా ఎనిమిదయ్యేసరికి కప్పు పట్టుకుని నిలబడేదాన్ని. తను లేదని నాకు తెలుసు. కళ్లకి తెలీదు కదా. మీరొచ్చిన మర్నాడు సరిగ్గా ఎనిమిదింటికి తెర లేచింది. నా గుండె ఆగినంత పనైంది."

ఒక మనిషి వెళ్లిపోయాక కూడా ఇంట్లో గడియారం ఆ మనిషి వేళలనే కొడుతుందని తెలిసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. తెలియనివారు ఇంకొంతకాలం తెలియకుండానే ఉందురు గాక.

"మరి గేటుదాకా వచ్చి వెనక్కెందుకు పోయారండీ?" అన్నాడు తమ్ముడు, నేలచూపులు చూస్తూ.

"నేను చూస్తున్నాననే నువ్వు తెర దించావనుకున్నా బాబూ. దూరదేశం వాళ్లు, కొత్తగా వచ్చారు, ఈ వీధి ముసలాళ్లు కొంపల్లోకి తొంగిచూస్తారు అనుకుంటారేమోనని భయం. మీరు నన్నేమనుకుంటున్నారో అని మూడు రోజుల్నుంచి నాకు అన్నం సయించలేదు."

దృష్టిదోషనివారకుడు తల ఎత్తలేదు. అక్క ఎత్తనివ్వలేదు కూడా. "వీడు కళ్లద్దాలు చేస్తాడండీ," అంది. "ఊరందరికీ."

గుమ్మంలో నిలబడ్డ ప్రయాణికుడొకడు గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, మనిషి బతికే ఉన్నాడుగా? మరి బస్సు?"

"వస్తున్నానండీ. సాయంత్రం నీ సంగతి చెప్తానురా," అని రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పి మహారథి నిష్క్రమించింది.

శనివారం ఉదయం అంతిమ సమరం. ఆ రోజు అక్కకి మధ్యాహ్నం డ్యూటీ. శత్రువు తెర. తమ్ముడు స్టూలెక్కాడు. దుకాణంనుంచి తెచ్చిన సూదంత స్క్రూడ్రైవరు అతని గద. కళ్లద్దాలు మెడలో వేలాడేసుకునే తాళ్లు నాలుగు కలిపి ముడివేసినది అతని వింటినారి. ఎదురింటి తెర సరిగ్గా ఎనిమిదింటికి లేచింది. కిటికీలో కప్పు ప్రత్యక్షమైంది.

"లాగరా."

"లాగుతున్నానక్కా. ముడి ఇరుక్కుంది."

"నాలుగు తాళ్లు ఎవరు కట్టమన్నారు? ఒకటి కొనచ్చుగా."

"తొందరపెట్టకు. మళ్లీ తెగుతుంది."

"ఆవిడ కప్పు చల్లారిపోతోందిరా."

ఎనిమిదీ ఒకటి. ఎనిమిదీ రెండు. ఎదురింటి చెయ్యి మెల్లగా చేతికర్ర వైపు జరగడం అక్క చూసింది. ఆమె కూడా తాడు పట్టుకుంది. కుడిచేతితో రథాలు తిప్పే అక్క, చిటికెనవేళ్లతో మరలు బిగించే తమ్ముడు, ఇద్దరూ పళ్లు బిగించి ఒక్కసారిగా లాగారు. ముడి జారింది. పలకలు గలగలమన్నాయి. వానాకాలపు మబ్బు విడినట్టు, వ్యూహం బద్దలైనట్టు, తెర లేచింది. కుడివైపు మూరెడు. ఎడమవైపు జానెడు. అక్కడే నిలిచిపోయింది. ఇక లేవదు.

ముసలావిడ ఆ ఏటవాలు తెరను చూసింది. అది ఎంత వంగిందో తలను అంతే వంచింది. తమ్ముడు కూడా వంచాడు. ఆవిడ కప్పు పైకెత్తి చూపి, నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

అక్క టీ నీళ్లు పెట్టడానికి పొయ్యి దగ్గరికి నడిచింది, చెక్కనేల మీద మడమలు టకటకమనేట్టు. ఆ యుద్ధానికి మోగిన విజయదుందుభి అదొక్కటే.

రణాంతాన హతుల వివరం ప్రకటించడం కథ చెప్పేవారి ధర్మం గనుక ప్రకటిస్తున్నాను: ఆ శనివారం ఎనిమిది గంటల మూడు నిమిషాలకు, వీధికి ఈ పక్కనా ఆ పక్కనా, అందరూ బతికే ఉన్నారు.