మా ఊరిని మాకు నేర్పే బస్సు

ఊళ్లో పుట్టి పెరిగినవాడికి ఊరి గురించి ఏం తెలుస్తుంది చెప్పండి? ఏమీ తెలియదు! తెలియాలంటే మెడలో ట్యాగు, నెత్తిన పసుపు టోపీ పెట్టుకుని ఏసీ బస్సు దిగాలి. అందుకే, స్టడీ టూర్లు మా ముడిమ్యాలకు పట్టిన అదృష్టమని బల్లగుద్ది చెబుతున్నాను.

నెలకు రెండుసార్లు వస్తారు. ఏడు దేశాల విద్యార్థులు నలభై ఇద్దరు, వాళ్లను తిప్పే కల్యాణ్ గారు ఒకరు. సంక్లిష్టమైన భారతదేశాన్ని అర్థం చేసుకోవడం వాళ్ల కోర్సు. చిల్కూరులో భక్తులకు ఇరవై నిమిషాలు, మొయినాబాద్‌లో వ్యాపారులకు పదిహేను, మా రైతులకు అరగంట. దేశం పెద్దది కదా, విజిల్ ఊదకపోతే ఎప్పటికి తెమిలేను?

వాళ్ల దయవల్ల మాకెంత జ్ఞానం వచ్చిందో! అసలైన రైతు ట్రాక్టరుతో దున్నడట. అందుకని వాళ్లొచ్చే రోజు మా పక్కింటి నర్సింహులు తన ట్రాక్టరు మీద వరిగడ్డి కప్పేసి, ఆలూరు నుంచి ఎద్దులను కిరాయికి తెస్తాడు. ఎద్దులకు నర్సింహులు కొత్త, నర్సింహులుకు నాగలి కొత్త. ఓసారి ముగ్గురూ కలిసి నా బెండ మొక్కల మీదుగా వెళ్లిపోయారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయను!

నర్సింహులు భార్య వసంతమ్మ గ్యాసు పొయ్యి మీద పాత చీర కప్పి, కట్టెల పొయ్యి రాజేస్తుంది. పొగకు కళ్లు మండి నీళ్లు కారతాయి. 'పల్లె తల్లి వేదన' అని కల్యాణ్ గారు ఇంగ్లీషులో వివరిస్తారు. నలభై ఇద్దరూ నోట్సు రాసుకుంటారు.

ఇంత మేలు జరుగుతున్నా మావాళ్లకు విశ్వాసం లేదండీ! ఊరి బస్సు ఆగిపోయి ఆరు నెలలైందని ఒకటే గొణుగుడు. రాకపోతేనేం? నెలకు రెండుసార్లు ఏసీ బస్సును కళ్లారా చూస్తున్నాం కదా!

మొన్న శనివారం నర్సింహులు బిడ్డ కావ్యకు రెండు గంటలకు చేవెళ్లలో ఇంటర్ ప్రాక్టికల్ పరీక్ష. తప్పితే ఏడాది పోయినట్టే. పిలిచిన ఆటో రాలేదు. తండ్రి నాగలి వెనక, ట్రాక్టరు గడ్డి కింద. ఆ పిల్ల హాల్ టికెట్ పట్టుకుని ఏడుస్తోంది.

కల్యాణ్ గారు చూశారు. "ఏడుపు ముఖం వద్దమ్మా, ఫొటో బాగా రాదు" అంటూ తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టి, కెమెరాతో క్లిక్ మనిపించారు. తర్వాత విజిల్ ఊది విద్యార్థులను బస్సెక్కమని, తాను ఎద్దులతో ఇంకో ఫొటో కోసం చేలోకి దిగారు.

బస్సు వెళ్లేది చేవెళ్ల మార్కెట్‌కు. కావ్య కళ్లు తుడుచుకుని గబగబా ఎక్కి చివరి సీట్లో కూర్చుంది. డ్రైవర్ పసుపు టోపీలు లెక్కపెట్టాడు. నలభై మూడు. సరిపోయింది, బస్సు కదిలింది! రెండింటికి పది నిమిషాల ముందే అమ్మాయి పరీక్ష హాల్లో ఉంది.

కల్యాణ్ గారు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి దుమ్మే మిగిలింది. ఆయన ఫోను కూడా బస్సులోనే చార్జింగులో ఉంది. చెమటలు కక్కుతూ బస్టాపులో కూలబడ్డారు. గంట గడిచింది. అటుగా వస్తున్న వసంతమ్మను చూసి లేచి నిలబడ్డారు.

"అమ్మా, చేవెళ్ల బస్సు ఎన్ని గంటలకు వస్తుంది?"

"ఆర్నెల్ల సంది మేము గూడ గదే అడుగుతున్నం బిడ్డా! మా ఊరి గురించి అందరికి చెప్పెటోనివి నువ్వే గద, జర నువ్వే చెప్పు."